కాలేయ క్యాన్సర్‌లో కాపలా కణాలు ఎందుకు చేతులెత్తేస్తాయి?

కాలేయ క్యాన్సర్ కణితి నుంచి చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద పెడితే, చాలామంది రోగుల్లో దాన్ని చంపాల్సిన తెల్ల రక్తకణాలు అక్కడే ఉంటాయి. శరీరం ముప్పును పసిగట్టలేదనో, కణాలను పంపలేదనో అనడానికి లేదు. పంపింది, అవి చేరాయి కూడా. పని మాత్రం జరగడం లేదు. 2017లో పెకింగ్ విశ్వవిద్యాలయంలో జాంగ్ జెమిన్ బృందం ఆరుగురు రోగుల రక్తం, కణితి, దాని పక్కనున్న మామూలు కాలేయం నుంచి 5,063 టీ-కణాలను (జబ్బు కణాలను గుర్తించి ఎదుర్కొనే ఒక రకం తెల్ల రక్తకణాలు) వేరు చేసి, ఒక్కో కణంలో ఏయే జన్యువులు పనిచేస్తున్నాయో విడివిడిగా చదివింది. కణితి లోపల రెండు రకాల కణాలు ప్రత్యేకంగా పోగుపడి ఉన్నట్టు తేలింది. ఒకటి, చంపే బాధ్యత ఉండి కూడా అలసిపోయిన సీడీ8 టీ-కణాలు. రెండోది, తోటి కణాల దూకుడును అణిచే రెగ్యులేటరీ టీ-కణాలు.

ఇక్కడ చెప్పుకొనేది కాలేయంలోనే పుట్టే క్యాన్సర్ గురించి. పెద్దపేగులోనో రొమ్ములోనో మొదలై కాలేయానికి పాకే క్యాన్సర్ వేరు, దాని చికిత్స వేరు. కాలేయంలో పుట్టేవాటిలో నాలుగింట మూడొంతులకు పైగా కాలేయ కణాల నుంచే వస్తాయి. దాన్ని వైద్యులు హెపటోసెల్యులర్ కార్సినోమా అంటారు. 2022లో ప్రపంచం మొత్తం మీద సుమారు 8.66 లక్షల మందికి కాలేయ క్యాన్సర్ కొత్తగా బయటపడిందనీ, 7.58 లక్షల మంది దానితో చనిపోయారనీ అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా. ఆ రెండు అంకెలూ అంత దగ్గరగా ఉండటమే జబ్బు ఎంత గట్టిదో చెబుతోంది.

ఇలాంటి రోగి గురించి ఇంట్లోవాళ్లూ చుట్టాలూ సాధారణంగా అనే మాట, ‘ఇమ్యూనిటీ పడిపోయింది’ అని. ఆ మాట వెంటే ఇమ్యూనిటీ పెంచే పొడులూ కషాయాలూ ఇంట్లోకి వస్తాయి. కానీ కాలేయ క్యాన్సర్‌లో జరిగేది శక్తి తగ్గిపోవడం కాదు, ఉన్న శక్తి దారి తప్పడం. ఒకచోట అణిగిపోయిన కణాలు, మరోచోట అదుపు తప్పి సొంత కాలేయాన్నే కాల్చే కణాలు, రెండూ ఒకే రోగిలో ఉండొచ్చు. ఇది అర్థం కాకపోతే, రోగనిరోధక కణాలనే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే కొత్త ఇమ్యునోథెరపీ మందులు కొందరికి ఎందుకు పనిచేస్తాయో, ఎక్కువమందికి ఎందుకు పనిచేయవో కూడా అర్థం కాదు.

సహించడం అలవాటైన అవయవం

కాలేయానికి నిమిషానికి సుమారు లీటరున్నర రక్తం చేరుతుంది. అందులో దాదాపు మూడొంతులు పోర్టల్ సిర ద్వారా నేరుగా పేగుల నుంచి వచ్చేదే. తిన్న తిండిలోని పరాయి ప్రొటీన్లు, పేగు బ్యాక్టీరియా తునకలు, వాటి విషపదార్థాలు అన్నీ ఆ రక్తంలోనే కొట్టుకొస్తాయి. వాటిలో ప్రతిదానికీ రోగనిరోధక కణాలు రెచ్చిపోతే, అన్నం తిన్న ప్రతిసారీ కాలేయం వాచిపోవాలి. అందుకే ఈ అవయవం సహనాన్ని స్వభావంగా చేసుకుంది. ఇక్కడ స్థిరపడిన కుప్ఫర్ కణాలు శరీరంలోని స్థిర మాక్రోఫేజ్‌లలో అతి పెద్ద సమూహం. అవి వచ్చిన చెత్తను మింగేస్తూనే, ఐఎల్-10 వంటి శాంతపరిచే సంకేతాలను వదులుతుంటాయి.

ఈ సహనం ఎంత గట్టిదో 1969లోనే బయటపడింది. బ్రిటిష్ సర్జన్ రాయ్ కాల్న్ బృందం పందుల్లో కాలేయ మార్పిడి చేసినప్పుడు, రోగనిరోధకతను అణిచే మందులు లేకుండానే చాలా పందులు పరాయి కాలేయాన్ని అంగీకరించాయి. అంతేకాదు, అదే దాత నుంచి తెచ్చిన వేరే కణజాలాన్ని కూడా తిరస్కరించకుండా ఊరుకున్నాయి. మనుషుల్లో అంత సులువు కాకపోయినా, కాలేయ మార్పిడి జరిగిన కొందరు కొన్నేళ్ల తర్వాత వైద్యుల పర్యవేక్షణలో ఆ మందులు మానేయగలుగుతున్నారు. గుండె, కిడ్నీ మార్పిడిలో అది చాలా అరుదు.

క్యాన్సర్ కణం పుట్టేది ఈ వాతావరణంలోనే. పరాయిగా కనిపించే ప్రొటీన్లు దాని మీద ఉన్నా, వాటిని చూసి ఊరుకోవడం అప్పటికే అలవాటైన చోట అది పెరుగుతుంది. మిగతా అవయవాల క్యాన్సర్లు తమ చుట్టూ రక్షణ కట్టుకోవడానికి కష్టపడాలి. కాలేయ క్యాన్సర్‌కు అందులో సగం పని ముందే జరిగిపోయి ఉంటుంది.

ఇంకొంచెం దగ్గరగా చూడాల్సిన చోటు ఒకటుంది. కాలేయంలోని సన్నటి రక్తనాళాలను సైనుసాయిడ్లు అంటారు. వీటి గోడలకు అతి సూక్ష్మమైన రంధ్రాలుంటాయి. ఒక్కొక్కటి మిల్లీమీటరులో దాదాపు పదివేలవ వంతు. ఇటలీలోని మిలన్‌లో గైడొట్టి, ఇయానకోన్ బృందం 2015లో ఎలుకల కాలేయాన్ని బతికుండగానే సూక్ష్మదర్శినితో గమనించి ఒక అద్భుతమైన దృశ్యాన్ని నమోదు చేసింది. సీడీ8 టీ-కణం రక్తంతోపాటు వస్తుంది. సైనుసాయిడ్ గోడకు అంటుకున్న ప్లేట్‌లెట్ల గుంపు దగ్గర ఆగుతుంది. ఆ తర్వాత మెల్లగా నాళంలోనే పాకుతూ, గోడలోని రంధ్రాల గుండా సన్నటి కొసలను చాచి అవతలున్న కాలేయ కణాన్ని తడుముతుంది. అందులో వైరస్ ఆనవాలు తగిలితే, రక్తనాళం దాటకుండానే ఆ కణాన్ని చంపే పని మొదలుపెడుతుంది.

కాలేయం గట్టిపడి ఫైబ్రోసిస్ మొదలైనప్పుడు ఈ రంధ్రాలు మూసుకుపోతాయి. గోడకూ కాలేయ కణానికీ మధ్య పీచు పదార్థం పేరుకుంటుంది. టీ-కణం వచ్చినా తడమలేదు. అదే ప్రయోగంలో ఇదీ కనిపించింది. కాలేయ క్యాన్సర్ రోగుల్లో అత్యధికులకు అప్పటికే సిరోసిస్, అంటే ఈ గట్టిపడటం బాగా ముదిరిన దశ, ఉంటుంది. అంటే కణితి రాకముందే, ఏళ్ల తరబడి, గస్తీ వ్యవస్థ దెబ్బతింటూ వచ్చిందన్నమాట. కాలేయ క్యాన్సర్ గురించి రాసేటప్పుడు అందరూ కణితి దగ్గరే మొదలుపెడతారు గానీ, అసలు కథ ఈ గోడల దగ్గరే మొదలవుతుంది.

అలసట అంటే ఏమిటి

టీ-కణాల అలసటను మొదట గుర్తించింది క్యాన్సర్‌లో కాదు, ఎలుకలకు దీర్ఘకాలం అంటిపెట్టుకునే ఒక వైరస్ జబ్బులో. ఈ రంగంలో అందరికన్నా ముందు చెప్పుకోవాల్సిన పేర్లలో రఫీ అహ్మద్ ఒకరు. హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియాలో డిగ్రీ చదివి, తర్వాత అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో స్థిరపడిన శాస్త్రవేత్త. వైరస్ వారం పది రోజుల్లో పోతే టీ-కణాలు విశ్రాంతి తీసుకుని జ్ఞాపక కణాలుగా మిగులుతాయి. వైరస్ పోకుండా నెలల తరబడి ఉండిపోతే మాత్రం వాటి తీరు మారిపోతుంది. పోరాటానికి కావాల్సిన సంకేత ప్రొటీన్లలో ముందు ఐఎల్-2 తయారుచేసే శక్తి పోతుంది, తర్వాత టీఎన్ఎఫ్, చివరికి ఇంటర్‌ఫెరాన్ గామా. కణం మీద పీడీ-1 అనే బ్రేకు ప్రొటీను పెరిగిపోతుంది. దాని పక్కన టిమ్-3, లాగ్-3 వంటి మరికొన్ని బ్రేకులూ చేరతాయి. 2006లో రఫీ అహ్మద్ బృందం ఈ పీడీ-1 బ్రేకును అడ్డుకుంటే అలసిన కణాలు కొంత కోలుకుంటాయని ఎలుకల్లో చూపింది. పీడీ-1ను 1992లో జపాన్‌లో కనుగొన్న తసుకు హోంజోకు, సీటీఎల్ఏ-4 బ్రేకు మీద పనిచేసిన జేమ్స్ అలిసన్‌కు 2018లో నోబెల్ వచ్చింది.

ఈ అలసటను మామూలు నీరసంగా చూడకూడదు. కణం కేంద్రకంలో డీఎన్ఏ చుట్టుకుని ఉండే తీరే మారిపోతుంది. కొన్ని జన్యువులు తెరుచుకోలేని విధంగా మూసుకుపోతాయి. దీని వెనక టాక్స్ అనే నియంత్రక ప్రొటీను ఉందని 2019లో పలు బృందాలు నిరూపించాయి. అందుకే బ్రేకు తీసేసినా పూర్తిగా ముదిరిపోయిన కణాలు లేచి రావు. లేచేవి, అలసట తొలి దశలో ఉండి ఇంకా విభజన చెందే శక్తి మిగిలిన కొద్దిపాటి కణాలే. మందు ఎవరికి పనిచేస్తుందన్నది ఆ కొద్దిపాటి కణాలు ఎన్ని మిగిలి ఉన్నాయన్నదాని మీద చాలావరకు ఆధారపడుతుంది.

హెపటైటిస్-బీ రోగుల్లో ఇదంతా కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. పుట్టినప్పుడు తల్లి నుంచి వైరస్ సోకిన పిల్లల్లో దాదాపు 90 శాతం మందిలో అది జీవితాంతం ఉండిపోతుంది. పెద్దయ్యాక సోకినవాళ్లలో అలా మిగిలిపోయేది 5 శాతం లోపే. అంటే పసితనంలో సోకిన మనిషిలో టీ-కణాలు ముప్ఫై నలభై ఏళ్లుగా అదే వైరస్‌ను చూస్తూ అలసిపోతుంటాయి. ఆ కాలేయంలో క్యాన్సర్ పుట్టేసరికి పోరాడాల్సిన కణాలు ఎప్పుడో డీలాపడి ఉంటాయి. పుట్టిన 24 గంటల్లోపు హెపటైటిస్-బీ టీకా మొదటి డోసు వేయాలని ఎందుకు పట్టుబడతారో దీన్నిబట్టి తెలుస్తుంది. తైవాన్ 1984లో జాతీయ స్థాయిలో టీకా మొదలుపెట్టింది. పదేళ్లు తిరిగేసరికి అక్కడ పిల్లల్లో కాలేయ క్యాన్సర్ గణనీయంగా తగ్గింది. మన దగ్గర ఈ టీకా ఒకప్పుడు దిగుమతి సరుకు, సామాన్యుడికి అందని ధర. 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ స్వదేశీ టీకాను తెచ్చాకే ఆ ధర దిగొచ్చింది. క్యాన్సర్ మందుల గురించి జరిగే చర్చలో ఈ చిన్న సూది ఊసు రావాల్సినంతగా రాదు.

కణితి చుట్టూ ఏం జరుగుతుంది

కణితి పెరిగేకొద్దీ తన చుట్టూ ఉన్న కణాలను తనవైపు తిప్పుకుంటుంది. రక్తం నుంచి వచ్చిన మోనోసైట్లు అనే తెల్ల రక్తకణాలు అక్కడికి చేరి, కణితికి సేవచేసే మాక్రోఫేజ్‌లుగా మారతాయి. అవి కొత్త రక్తనాళాలు పుట్టించే వీఈజీఎఫ్‌ను, టీ-కణాలను అణిచే టీజీఎఫ్-బీటాను వదులుతాయి. వాటి ఉపరితలం మీదున్న పీడీ-ఎల్1 అనే ప్రొటీను, టీ-కణం మీది పీడీ-1 బ్రేకును నొక్కుతుంది. రెగ్యులేటరీ టీ-కణాలు ఐఎల్-2ను తామే లాగేసుకుని మిగతావాటిని ఆకలితో ఉంచుతాయి. ఈ రెగ్యులేటరీ కణాలు ఆరోగ్యవంతుల్లో చాలా అవసరం. శరీరం తనను తాను తినేయకుండా కాపాడేవి అవే. ఆ పరిశోధనకే షిమోన్ సకగుచికి, మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌లతో కలిపి 2025 నోబెల్ దక్కింది. కాలేయ కణితిలో అవే కణాలు క్యాన్సర్‌కు గొడుగు పడతాయి.

తిండి విషయంలోనూ పోటీ ఉంటుంది. క్యాన్సర్ కణాలు గ్లూకోజును విపరీతంగా వాడేసుకుని లాక్టిక్ ఆమ్లాన్ని వదులుతాయి. చంపే టీ-కణానికీ గ్లూకోజే కావాలి. అది దొరక్క, చుట్టూ ఆమ్లం పెరిగి, దాని పని మందగిస్తుంది. రెగ్యులేటరీ కణాలు మాత్రం లాక్టిక్ ఆమ్లాన్ని ఇంధనంగా వాడుకుని నెట్టుకొస్తాయి.

నేచురల్ కిల్లర్ కణాల సంగతి ఇంకో రకం. కాలేయంలోని లింఫోసైట్లలో ఇవి చాలా ఎక్కువ, 30 నుంచి 50 శాతం దాకా ఉంటాయి. ఒత్తిడిలో ఉన్న కణం తన మీద ఎంఐసీఏ అనే ప్రొటీనును ప్రదర్శిస్తుంది. దాన్ని చూసి నేచురల్ కిల్లర్ కణం దాడి చేస్తుంది. క్యాన్సర్ కణం ఆ ప్రొటీనును కత్తిరించి రక్తంలోకి వదిలేస్తుంది. ఆ తునకలు నేచురల్ కిల్లర్ కణం గ్రాహకాలకు అతుక్కుని వాటిని మూగబోయేలా చేస్తాయి. మనిషి కాలేయంలో సమృద్ధిగా ఉండే మెయిట్ అనే మరో రకం టీ-కణాలు కణితి లోపల తగ్గిపోతాయి. ఉన్నవీ సరిగా పనిచేయవు.

అన్ని కణితులూ ఒకేలా ఉండవన్నది ఇక్కడ మరిచిపోకూడదు. కాలేయ క్యాన్సర్లలో దాదాపు 30 శాతంలో బీటా-కెటెనిన్ జన్యువులో మార్పు ఉంటుంది. ఇలాంటి చాలా కణితుల్లోకి టీ-కణాలు అసలు రానే రావు. వాటిని పిలుచుకొచ్చే డెండ్రిటిక్ కణాలకే ఆహ్వానం అందకపోవడం దానికి కారణమని ఎలుకల ప్రయోగాలు చూపాయి. వచ్చి అలసిపోయిన కణాలది ఒక సమస్య, అడుగే పెట్టలేకపోయినవాటిది మరో సమస్య. రెండింటికీ ఒకే మందు పనిచేయాలనుకోవడం సబబు కాదు.

కొవ్వు పట్టిన కాలేయంలో కథ తిరగబడుతుంది

హెపటైటిస్-బీ, సీ తగ్గుతున్న చోట్ల ఫ్యాటీ లివర్ ముందుకొస్తోంది. మధుమేహం, బొజ్జ, కదలిక లేని కొలువులు ఎక్కువైన మన పట్టణాల్లో దీన్ని ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. ఫ్యాటీ లివర్ ముదిరి వాపుగా మారిన కాలేయంలో రోగనిరోధక కణాల తీరు వైరస్ జబ్బుకు భిన్నంగా ఉంటుంది.

జర్మనీలోని హైడెల్‌బెర్గ్‌లో మథియాస్ హైకెన్‌వాల్డర్ బృందం 2021లో ప్రచురించిన ప్రయోగం ఈ రంగాన్ని కుదిపేసింది. కొవ్వు పట్టి వాచిన ఎలుక కాలేయంలో పీడీ-1 ఉన్న సీడీ8 కణాలు భారీగా పోగయ్యాయి. లెక్క ప్రకారం బ్రేకు తీస్తే అవి క్యాన్సర్‌ను తినాలి. తీరా పీడీ-1ను అడ్డుకునే మందు ఇస్తే క్యాన్సర్ తగ్గకపోగా పెరిగింది. ఆ కణాలు క్యాన్సర్‌ను గుర్తించి చంపేవి కావు, ఎదురుగా ఉన్న కాలేయ కణాలను విచక్షణ లేకుండా దెబ్బతీసేవి. కాలేయ కణం చావడం, దాని స్థానంలో కొత్తది పుట్టడం ఎంత తరచుగా జరిగితే, జన్యు లోపాలు పేరుకుని క్యాన్సర్ పుట్టే అవకాశం అంత పెరుగుతుంది. అదే వ్యాసంలో మూడు పెద్ద క్లినికల్ పరీక్షల్లోని 1,600 మందికి పైగా రోగుల సమాచారాన్ని కలిపి చూసినప్పుడు, వైరస్ వల్ల క్యాన్సర్ వచ్చినవాళ్లకు ఇమ్యునోథెరపీతో లాభం కనిపించగా, వైరస్‌తో సంబంధం లేనివాళ్లలో అంత స్పష్టంగా కనిపించలేదు. తర్వాత వచ్చిన రోగుల సమాచారం అంతా ఒకే దిశలో లేదు. ఫ్యాటీ లివర్ వల్ల క్యాన్సర్ వచ్చిన కొందరు కూడా ఈ మందులతో బాగా కోలుకున్నారు. అందుకే ఈ ఒక్క కారణంతో ఎవరికీ ఇమ్యునోథెరపీ నిరాకరించకూడదన్నదే నేటి వైద్యుల పద్ధతి. అది సరైనదే. కానీ క్యాన్సర్‌కు దారితీసిన జబ్బు ఏదన్నది పట్టించుకోకుండా రోగనిరోధక కణాల గురించి మాట్లాడలేమన్న సంగతి ఆ ప్రయోగంతో స్థిరపడింది.

పేగుల పాత్రనూ ఇక్కడే చెప్పుకోవాలి. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో టిమ్ గ్రెటెన్ బృందం 2018లో ఎలుకల్లో చూపిన ప్రకారం, పేగు బ్యాక్టీరియా పిత్త ఆమ్లాలను మార్చే తీరును బట్టి కాలేయంలోకి ఎన్‌కేటీ అనే మరో రకం రోగనిరోధక కణాలు ఎన్ని రావాలన్నది నిర్ణయమవుతుంది. ఒక యాంటీబయాటిక్‌తో ఆ బ్యాక్టీరియాను తగ్గిస్తే ఎన్‌కేటీ కణాలు పెరిగి కణితులు తగ్గాయి. ఇది ఎలుకల సంగతి. దీన్ని పట్టుకుని ఎవరూ సొంతంగా యాంటీబయాటిక్స్ వాడకూడదు.

ఇమ్యూనిటీ పెంచే సరుకు గురించి మొదట్లో ప్రస్తావించింది ఇందుకే. కోవిడ్ కాలంలో తిప్పతీగ కషాయాన్ని లక్షలమంది తాగారు. 2021 నుంచి మన దేశంలోని కాలేయ వైద్యులు దాని తర్వాత కాలేయం వాచి, కామెర్లతో వచ్చిన రోగుల వివరాలను వైద్య పత్రికల్లో ప్రచురించారు. చాలామందిలో ఆ వాపు, రోగనిరోధక కణాలు సొంత కాలేయం మీద దాడిచేసే ఆటో ఇమ్యూన్ హెపటైటిస్‌ను పోలి ఉంది. అప్పటికే లోలోపల కాలేయ జబ్బు ఉన్నవాళ్ల పరిస్థితి మరీ విషమించింది. సిరోసిస్ ఉన్న మనిషికి, క్యాన్సర్ చికిత్సలో ఉన్న మనిషికి ప్రేమతో కాచి ఇచ్చే ఇలాంటివి ప్రాణం మీదికి తెస్తాయి. ఏది ఇచ్చినా ముందు చికిత్స చేస్తున్న డాక్టరుకు చెప్పి తీరాలి.

మందులు ఎంతవరకు వచ్చాయి

ముదిరిన కాలేయ క్యాన్సర్‌కు పదేళ్లకు పైగా సొరాఫెనిబ్ మాత్రే దిక్కుగా ఉండేది. అది సగటున రెండు మూడు నెలల ఆయుష్షు పెంచేది. పీడీ-1 మందులు విడిగా ఇచ్చినప్పుడు 15 నుంచి 20 శాతం మందిలోనే కణితి చెప్పుకోదగ్గంతగా కుంచించుకుపోయింది. 2017లో అమెరికా తాత్కాలిక ఆమోదం ఇచ్చిన నివొలుమాబ్, తర్వాతి పెద్ద పరీక్షలో సొరాఫెనిబ్ కన్నా మెరుగని నిరూపించుకోలేకపోయింది.

మలుపు 2020లో వచ్చింది. పీడీ-ఎల్1ను అడ్డుకునే అటెజోలిజుమాబ్‌ను, వీఈజీఎఫ్‌ను అడ్డుకునే బెవాసిజుమాబ్‌తో కలిపి ఇచ్చినప్పుడు, ఏడాది తర్వాత 67 శాతం మంది బతికున్నారు. సొరాఫెనిబ్ తీసుకున్నవాళ్లలో అది 55 శాతం. మధ్యస్థ ఆయుష్షు 13.4 నెలల నుంచి 19.2 నెలలకు పెరిగింది. వీఈజీఎఫ్‌ను ఆపితే కణితికి రక్తం తగ్గుతుందన్నది పాత లెక్క. టీ-కణాలు లోపలికి రావడానికి, డెండ్రిటిక్ కణాలు పరిపక్వం కావడానికి కూడా వీఈజీఎఫ్ అడ్డమన్నది ఈ జోడీ విజయం వెనకున్న సంగతి. సిరోసిస్ ఉన్నవాళ్ల అన్నవాహికలో ఉబ్బిన సిరలుంటే బెవాసిజుమాబ్‌తో రక్తస్రావం ప్రమాదం ఉంది కాబట్టి, ముందు ఎండోస్కోపీ చేసి చూస్తారు. 2022లో ఆమోదం పొందిన ట్రెమెలిముమాబ్, డుర్వలుమాబ్ జోడీ రెండు వేర్వేరు బ్రేకుల మీద పనిచేస్తుంది. ఆ పరీక్షలో అయిదేళ్ల తర్వాత 19.6 శాతం మంది బతికున్నారు. సొరాఫెనిబ్ వర్గంలో 9.4 శాతం. ముదిరిన కాలేయ క్యాన్సర్‌లో అయిదేళ్ల మాట ఎత్తగలగడమే ఒకప్పుడు ఊహకందనిది.

ఈ పరీక్షలన్నీ ప్రధానంగా కాలేయం ఇంకా బాగానే పనిచేస్తున్న రోగుల్లో జరిగాయి. కడుపులో నీరు చేరి, కామెర్లు ముదిరిన దశలో వచ్చేవారికి ఆ అంకెలు వర్తించవు. మన ఆసుపత్రులకు ఆ దశలో వచ్చేవారూ తక్కువేమీ కాదు. సిరోసిస్ ఉన్నవాళ్లకు ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్, కాలేయ క్యాన్సర్ ఆనవాలు వెతికే ఏఎఫ్‌పీ రక్త పరీక్ష చేయించడం ఏ కొత్త మందు కన్నా అందుబాటులో ఉన్న మార్గం. కాలేయ మార్పిడి జరిగినవాళ్లకు బ్రేకు తీసే మందులు ఇస్తే కొత్త కాలేయాన్నే శరీరం తిరస్కరించే ప్రమాదం ఉంది. వీళ్ల కోసం సింగపూర్‌లో ఆంటోనియో బెర్టొలెట్టి బృందం, క్యాన్సర్ కణాల్లో మిగిలిన హెపటైటిస్-బీ వైరస్ తునకలను గుర్తించేలా టీ-కణాలను ప్రయోగశాలలో తీర్చిదిద్ది కొద్దిమంది రోగుల్లో వాడి చూసింది.

ఆపరేషన్‌తో కణితి తీసేశాక క్యాన్సర్ తిరగబెట్టకుండా అటెజోలిజుమాబ్, బెవాసిజుమాబ్ ఇస్తే ఎలా ఉంటుందన్న పరీక్షలో 2023లో లాభం కనిపించింది. మరింత కాలం గమనించేసరికి ఆ లాభం నిలవలేదు. బహుశా వరస మార్చాలేమో. కణితి శరీరంలో ఉండగా ఆపరేషన్‌కు ముందే మందు ఇస్తే, టీ-కణాలకు తమ లక్ష్యం ఎదురుగా ఉంటుంది, దాన్ని గుర్తుపెట్టుకునే అవకాశం దొరుకుతుంది. న్యూయార్క్‌లో సెమిప్లిమాబ్ అనే పీడీ-1 మందును ఆపరేషన్‌కు ముందు రెండు డోసులు ఇచ్చి చూస్తే, ఆపరేషన్ అయిన 20 మందిలో నలుగురికి కణితి 70 శాతానికి పైగా చచ్చిపోయి ఉంది. మిగతా పదహారు మందిలో ఆ కణాలను ఆపింది అలసటా, రెగ్యులేటరీ కణాలా, మూసుకుపోయిన గోడలా అన్నది తేల్చడానికే పరిశోధకులు ఇప్పుడు మందుకు ముందూ తర్వాతా తీసిన కణితి ముక్కలను ఒక్కో కణంగా విడదీసి చదువుతున్నారు.